చేలో పోయిన బంగారానికి ఏ డిటెక్టర్ కొనాలి?

పోయిన ఏడాది చెనిక్కాయ చెట్లు పీకేటప్పుడు మా వదిన మెడలోని తాళి సరుడు తెగి చేలో ఎక్కడో పడిపోయింది. రెండు సవర్ల సరుడు, దానికి రెండు తాళిబొట్లు. పాకాల దగ్గర మాది ఎకరన్నర చేను. ఇంటిల్లిపాదీ మూడు రోజులు మట్టిని చేత్తో జల్లించాం. వదిన సరిగా అన్నం కూడా తినలేదు. రెండు సవర్లు పోవడం ఒక బాధ, పోయింది తాళి కావడం అంతకంటే పెద్ద బాధ.

నాలుగో రోజు ఎవరో చెబితే ఒకాయన నల్ల పెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టెలో ఒక మీటరు, దానికి యాంటెన్నా లాంటి రెండు కడ్డీలు. "వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని లాగుతుంది" అన్నాడు. ఐదు వేలు ముందుగానే తీసుకున్నాడు. కడ్డీలు తిరిగిన చోట నడుం లోతు తవ్వాం. మన్ను తప్ప ఏమీ లేదు. సరుడు నిన్నగాక మొన్న పడిపోతే నడుం లోతుకు ఎలా వెళ్తుందని అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఏది చెప్పినా నమ్మబుద్ధేస్తుంది.

చివరికి పలమనేరులో ఉన్న స్నేహితుడి దగ్గర మామూలు మెటల్ డిటెక్టర్ అరువు తెచ్చాం. రెండు పూటలు తిరిగితే తాళిబొట్లు దొరికాయి, వాటితో పాటే సరుడూ దొరికింది. పీకిన చెట్లను కుప్ప వేసిన చోట, బెత్తెడు లోతులో. అప్పటి నుంచి మా ఊళ్లో ఐదారు కుటుంబాల వాళ్లం కలిసి ఒక డిటెక్టర్ కొందామనుకుంటున్నాం. ఏది కొనాలో తేల్చే పని నా మీద పడింది. నెలల తరబడి చదివి, అడిగి, రెండు మూడు రకాలు చేత్తో పట్టుకుని చూశాక నాకు అర్థమైంది ఇక్కడ రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు పక్క ఎర్రమట్టిలో వెతికేవాళ్లకు ఇది పనికొస్తుంది.

బంగారాన్ని మాత్రమే పట్టే యంత్రం లేదు

ముందు ఈ సంగతి మనసులో పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది. డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి చుట్టను కాయిల్ అంటారు. అది భూమిలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపుతుంది. దారిలో లోహం ఉంటే అందులో చిన్న కరెంటు పుడుతుంది. ఆ కరెంటు పుట్టించే ప్రతిస్పందనను కాయిల్ పట్టుకుని శబ్దం చేస్తుంది. అది ఏ లోహమో యంత్రానికి తెలియదు. కరెంటు ఎంత బాగా పారుతోంది, వస్తువు ఎంత పెద్దది, ఏ ఆకారంలో ఉంది అన్న దాన్ని బట్టి స్క్రీన్ మీద ఒక అంకె చూపిస్తుంది. ఇనుమును చాలా వరకు వేరు చేసి చెప్పగలదు. కానీ చిన్న బంగారు ఉంగరం, సిగరెట్ పెట్టెలోని రేకు, మందు బిళ్లల అట్ట ముక్క దాదాపు ఒకే అంకె చూపించవచ్చు. కాబట్టి "బంగారం దొరికితే వేరే శబ్దం చేస్తుంది" అని అమ్మేవాడు చెబితే నమ్మొద్దు. ఇనుము కాదు అన్న ప్రతి శబ్దాన్నీ తవ్వి చూడాల్సిందే.

వజ్రాలు కూడా చూపిస్తుందా అని మా ఊళ్లో ఇద్దరు అడిగారు. చూపించదు. వజ్రం లోహం కాదు.

ఇక ఆ నల్ల పెట్టెలు. దూరం నుంచే బంగారాన్ని చూపిస్తామనే కడ్డీ యంత్రాల లోపల ఆ పని చేయగలిగిన భాగమే ఉండదు. పట్టుకున్న మనిషి చెయ్యి తనకు తెలియకుండానే కొద్దిగా వంగుతుంది, కడ్డీ తిరుగుతుంది. ఇలాంటిదే ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులు పట్టేదని చెప్పి ఇరాక్‌కు అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో బ్రిటన్ కోర్టు పదేళ్ల జైలు శిక్ష వేసింది. గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే ఉత్తుత్తి బొమ్మను చూసి చేసిన వస్తువు అది. ఇంత జరిగినా మన దగ్గర నిధి యంత్రం అన్న పేరుతో అలాంటివి లక్షలకు అమ్ముతున్నారు. ఎవరైనా తెస్తే ఒక పని చేయండి. పది స్టీలు కాని గిన్నెలు బోర్లించి, ఆయన చూడకుండా ఒకదాని కింద ఉంగరం పెట్టండి. ఉంగరం ఎక్కడుందో తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పదిసార్లు ఇలా చేసి, ఎన్నిసార్లు సరిగ్గా చెప్పాడో లెక్కపెట్టండి. మేం ఆ రోజు ఇది చేసి ఉంటే ఐదు వేలు, ఒక రోజు కష్టం మిగిలేవి.

లోతు గురించి

పెట్టెల మీద, వీడియోల్లో ఎక్కువగా కనిపించే మాట లోతు. మూడు మీటర్లు, ఐదు మీటర్లు అని రాస్తారు. దీని వెనక లెక్క తెలిస్తే ఆశ దానంతటదే తగ్గుతుంది. క్షేత్రం కిందికి పోయేటప్పుడు బలం తగ్గుతుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ తగ్గుతుంది. చిన్న వస్తువు కాయిల్‌కు దూరమయ్యే కొద్దీ, ఆ దూరం రెండింతలైతే సిగ్నల్ సుమారు 64వ వంతుకు పడిపోతుంది. అందుకే రెట్టింపు ధర పెట్టినా రెట్టింపు లోతు రాదు. ఉంగరం అంత వస్తువుకు మంచి యంత్రంతో జానెడు, మహా అయితే ఇంకొంచెం లోతు వస్తుంది. ముక్కుపుడక అంత చిన్నదానికి రెండు మూడు వేళ్ల లోతు వచ్చినా గొప్పే. మీటర్ల లెక్కన పట్టేది బిందె, డ్రమ్ము లాంటి పెద్ద వస్తువుల్నే.

కలుపు తీసేటప్పుడో, చెట్లు పీకేటప్పుడో పోయిన నగ పైనుంచి జానెడు లోపే ఉంటుంది. మనకు కావాల్సింది ఐదు మీటర్ల లోతు కాదు. పై జానెడు మట్టిలో ఉన్న చిన్న వస్తువును వదలకుండా పట్టడం కావాలి.

మన మట్టి అసలు పరీక్ష

చవక యంత్రానికీ మంచి యంత్రానికీ తేడా తెలిసేది ఇక్కడే. మన ఎర్రమట్టిలో ఇనుము ఆక్సైడులు ఉంటాయి. ఆ మట్టి కూడా కాయిల్‌కు జవాబిస్తుంది. యంత్రం ఆ జవాబును పక్కన పెట్టి, లోహం జవాబును మాత్రమే వినాలి. దీన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. చవక రకాల్లో ఇది ఫ్యాక్టరీలోనే ఒక చోట బిగించి ఉంటుంది, మనం మార్చలేం. అలాంటిదాన్ని మా చేలో ఆన్ చేస్తే ప్రతి అడుగుకూ ఒక కూత. సెన్సిటివిటీ, అంటే ఎంత సన్నటి సిగ్నల్‌కు కూయాలో చెప్పే అమరిక, తగ్గిస్తే కూత ఆగింది, కానీ నాలుగు వేళ్ల లోతులో పెట్టిన ఉంగరం కూడా వినిపించలేదు.

నల్లగ్రానైట్ క్వారీలు ఉన్న చోట్ల ఇంకా కష్టం. ఆ రాళ్లలో మాగ్నెటైట్ ఉంటుంది కాబట్టి గుప్పెడు రాయి కూడా లోహంలా కూస్తుంది. చిత్తూరు నుంచి కుప్పం వైపు చేలున్న వాళ్లు గ్రౌండ్ బ్యాలెన్స్ మార్చుకునే వీలు లేని యంత్రం ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. చేత్తో మార్చేదైనా సరే, తానే సర్దుకునేదైనా సరే. కాయిల్‌ను నేల మీద నుంచి మోకాలి ఎత్తుకు నాలుగైదు సార్లు ఎత్తి దించుతూ ఉంటే మట్టి శబ్దం తగ్గిపోవాలి. దుకాణం బయట మట్టి నేల మీద ఈ పని చేసి చూపించమనండి.

తిరుపతి అలిపిరి దగ్గర తనిఖీ చేసే చేతి డిటెక్టర్ లాంటిది కొంటే చాలదా అని కూడా కొందరు అడుగుతారు. అది మనిషి ఒంటి మీద ఉన్నదాన్ని దగ్గర నుంచి చూడటానికి చేసింది. మట్టిని వేరు చేయడం దాని పని కాదు.

రెండు రకాలు, నాలుగు ధరలు

డిటెక్టర్లలో ప్రధానంగా రెండు జాతులు. మొదటిది వీఎల్ఎఫ్, అంటే వెరీ లో ఫ్రీక్వెన్సీ. క్షేత్రాన్ని ఆపకుండా పంపుతూనే ఉంటుంది, ఇనుమును వేరు చేయగలదు, ధర తక్కువ, మట్టిలో ఇనుము ఎక్కువైతే ఇబ్బంది పడుతుంది. రెండోది పల్స్ ఇండక్షన్. క్షేత్రాన్ని తునకలు తునకలుగా పంపి, మధ్యలో ఆగి వింటుంది. ఇనుప మట్టిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువ లోతు చూస్తుంది. కానీ ఇనుమును వేరు చేయడంలో చాలా వెనకబడి ఉంటుంది.

పల్స్ ఇండక్షన్‌లో పేరున్నది ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వాళ్ల జీపీఎక్స్ 6000. 2021లో వచ్చింది. అక్కడి ఎడారుల్లో సహజంగా దొరికే బంగారు ముద్దలు వెతికేవాళ్ల కోసం చేసింది. దాదాపు 6,000 డాలర్లు, అంటే ఐదు లక్షల పైమాటే. అది గొప్ప యంత్రమే కానీ మన చేలో దండగ. మన చేలో విరిగిన కర్రు ముక్కలు, మేకులు, తీగలు, బోరు వేసినప్పుడు పడిన ఇనుప తుంపులు ఎన్నో ఉంటాయి. అది అన్నిటికీ కూస్తుంది. రోజంతా మేకులు తవ్వుతూ కూర్చోవాలి.

కింది చివర ఎండీ-4030 లాంటి చవక రకాలు. కొన్ని వేల రూపాయల్లో ఆన్‌లైన్‌లో వస్తాయి. పిల్లలకు ఎలా పనిచేస్తుందో చూపించడానికి సరే. ఎర్రమట్టి దగ్గర అవి ఏం చేశాయో పైన రాశాను.

అసలు ఎంపిక ఈ రెండింటి మధ్యలో ఉంది. మైన్‌ల్యాబ్ ఎక్స్‌టెర్రా ప్రో 300 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. గ్రౌండ్ బ్యాలెన్స్ మార్చుకోవచ్చు, 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ వరకు నాలుగు ఫ్రీక్వెన్సీల్లో (క్షేత్రం సెకనుకు ఎన్ని వేలసార్లు మారుతుందో చెప్పే లెక్క) ఒకటి ఎంచుకోవచ్చు, నీటిలో మునిగినా పాడవదు. ఉంగరాలు, గాజులు, తాళిబొట్లు, నాణేలు వెతకడానికి ఇది బాగా సరిపోతుంది. టర్కీ కంపెనీ నోక్టా వాళ్ల సింప్లెక్స్ కూడా ఇదే వరసలోది.

దానిపైన 1,000 డాలర్లకు అటూ ఇటూగా రెండు ఉన్నాయి. ఒకటి మైన్‌ల్యాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 1000. 45 కిలోహెర్ట్జ్‌లో పనిచేస్తుంది, గ్రౌండ్ బ్యాలెన్స్ తానే చూసుకుంటుంది, మీటలు తక్కువ. రెండోది ఈక్వినాక్స్ 900. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు పంపుతుంది, బంగారం వెతకడానికి వేరే మోడ్ ఉంది, స్క్రీన్ మీద అంకె చూపిస్తుంది, ఐదు మీటర్ల నీటి లోతు వరకు తట్టుకుంటుంది. దాని తమ్ముడు ఈక్వినాక్స్ 700లో ఆ బంగారం మోడ్ లేదు. పేరు ఒకటే కదా అని ధర తక్కువ చూసి తీసుకుంటే తర్వాత బాధపడతారు.

ఈ డాలర్ ధరలన్నీ విదేశాల్లోవి. దిగుమతి సుంకం, జీఎస్టీ, అమ్మేవాడి లాభం కలిశాక ఇక్కడ అంతకంటే ఎక్కువే పడుతుంది. బిల్లు, వారంటీ కాగితం లేకుండా చవకగా ఇస్తామంటే అది నకిలీ కావచ్చు. మైన్‌ల్యాబ్ పేరుతో నకిలీలు చాలానే తిరుగుతున్నాయి.

సరుడుకూ ఉంగరానికీ తేడా

మాకు అనుభవం మీద తెలిసిన సంగతి ఇది, కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఉంగరం మూసిన వలయం. అందులో కరెంటు గుండ్రంగా పారుతుంది కాబట్టి దాని జవాబు బలంగా ఉంటుంది. సన్నటి సరుడు అలా కాదు. యంత్రానికి అది రెండు సవర్ల బంగారంగా కనిపించదు, విడివిడి చిన్న లింకులుగా కనిపిస్తుంది. ఒక్కో లింకు సన్నటి తీగ అంత. అందుకే మా చేలో డిటెక్టర్ కూసింది తాళిబొట్ల మీదే. అవి దొరికాక పక్కనే ఉన్న సరుడు మీద కాయిల్ పెట్టి చూశాం. అరచెయ్యంత ఎత్తులో ఉన్నా శబ్దం లేదు. నాకు నోట మాట రాలేదు. బొట్లు లేని వట్టి సరుడు పోయి ఉంటే ఆ యంత్రంతో అది దొరికేది కాదు.

చిన్న వస్తువుల్ని పట్టాలంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ కావాలి. 5, 8 కిలోహెర్ట్జ్ పెద్ద నాణేలకు మంచిది. సన్నటి సరుడుకు, కమ్మ శీలకు, ముక్కుపుడకకు 40 దాటినవి మేలు. అమెరికాలో చాలా ఏళ్లుగా వాడుతున్న ఫిషర్ గోల్డ్ బగ్ 2 ఏకంగా 71 కిలోహెర్ట్జ్. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగే కొద్దీ ఇనుప మట్టి గోల కూడా పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య సర్దుబాటు చేసుకోవాలి కాబట్టే మంచి గ్రౌండ్ బ్యాలెన్స్‌కు అంత డబ్బు పెట్టడం.

కొనే ముందు మీ సొంత నగలతోనే పరీక్షించండి. ఉంగరం, సరుడు, కమ్మ, తాళిబొట్టు ఒక్కొక్కటి చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, దారం కట్టి, దారం కొస పైకి కనిపించేలా మీ చేని మట్టిలోనే పాతండి. ముందు నాలుగు వేళ్ల లోతు, తర్వాత బెత్తెడు, తర్వాత జానెడు. బల్ల మీద పెట్టి కాయిల్ ఊపి చూపిస్తే ఒప్పుకోవద్దు. గాలిలో అన్ని యంత్రాలూ బాగానే పనిచేస్తాయి. పరీక్షించేటప్పుడు చేతికి లోహపు గాజులు, కాలికి పట్టీలు, జేబులో సెల్‌ఫోన్ ఉండకూడదు. బోరు మోటారు నడుస్తున్నా, పైన కరెంటు తీగలు ఉన్నా యంత్రం ఊరికే గొణుగుతుంది. మోటారు ఆపి చూడండి.

యంత్రం ధరతో ఖర్చు ఆగదు

పిన్‌పాయింటర్ అనే చేతి కడ్డీ తప్పనిసరి. కాయిల్ మూరెడు చోటు చూపిస్తే, ఆ మట్టిలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో ఇది చెబుతుంది. ఇది లేకుండా సన్నటి కమ్మ కోసం మట్టి పిసుకుతుంటే గంటలు గడిచిపోతాయి. యంత్రంలో డబ్బు కాస్త తగ్గించుకునైనా పిన్‌పాయింటర్ కొనమంటాను. హెడ్‌ఫోన్స్ కూడా అవసరమే. లోతులో ఉన్న చిన్న వస్తువు శబ్దం చాలా సన్నగా ఉంటుంది, గాలి వీస్తే వినపడదు. చిన్న కాయిల్ ఒకటి అదనంగా దొరికితే గెనిమల పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర పనికొస్తుంది. కాయిల్ పెద్దదైతే లోతు పెరుగుతుంది కానీ చిన్న వస్తువు మీద చూపు మందగిస్తుంది.

బ్యాటరీ సంగతి కూడా అడగండి. ఎక్స్‌టెర్రా ప్రో, ఈక్వినాక్స్‌లలో బ్యాటరీ లోపలే ఉంటుంది. అయస్కాంతంతో అంటుకునే వేరే రకం కేబుల్‌తో ఛార్జ్ చేయాలి. ఆ కేబుల్ పోతే పాకాల సంతలో దొరకదు, ముందే ఇంకొకటి తెచ్చుకోవాలి. గ్యారెట్ ఏటీ గోల్డ్ లాంటివి మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తాయి. బ్లూటూత్ లాంటి హంగుల కోసం మాత్రం నేనైతే రూపాయి ఎక్కువ పెట్టను.

గనుల బంగారం, నిధులు అనుకునేవాళ్లకు

గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం బంగారు గనులు మనకు తెలిసినవే. కోలార్ రాతి పట్టీయే ఇటు దాకా వచ్చింది. 2001లో కోలార్‌తో పాటే ఇక్కడా పని ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల డిటెక్టర్ పట్టుకుని తిరిగితే బంగారం దొరుకుతుందని ఆశపడేవాళ్లను నేను చూశాను. అక్కడి బంగారం గట్టి రాతిలో, టన్నుకు కొన్ని గ్రాముల లెక్కన, కంటికి కనపడనంత సన్నగా ఉంటుంది. ఎన్ని లక్షల డిటెక్టర్ అయినా దాన్ని పట్టలేదు. పైగా ఖనిజం తీయాలంటే 1957 నాటి గనుల చట్టం ప్రకారం లీజు ఉండాలి. స్వర్ణముఖి ఇసుక గురించి కూడా ఇదే మాట. నది పేరు చూసి యంత్రం కొనొద్దు.

నిధుల గురించి అడిగితే కొనొద్దనే చెబుతాను. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా అమల్లో ఉంది. భూమిలో దాచిన, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టర్‌కు రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు. చంద్రగిరి కోట, గుడిమల్లం గుడి లాంటివి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అక్కడ తవ్వడం నేరం. శేషాచలం అడవిలోకి ఈ యంత్రంతో వెళ్తే ఏం చెప్పినా అధికారులు వినరు. నిధి కోసం పాత గుళ్లు తవ్వి విగ్రహాలు పగలగొట్టిన వార్త చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. వందల ఏళ్లు నిలిచిన రాయి అది. మీ పొలంలో మీ ఇంటివాళ్ల నగ వెతుక్కోవడం వేరు, అందులో ఏ తప్పూ లేదు. నగ కొన్న బిల్లు, అది వేసుకుని దిగిన ఫోటో దగ్గర పెట్టుకుంటే ఎవరైనా అడిగినప్పుడు చూపించవచ్చు.

మేం అనుకున్నది

ఒక్క కుటుంబమే కొంటే, ఉంగరాలు తాళిబొట్ల కోసమైతే, ఎక్స్‌టెర్రా ప్రో స్థాయిది ఒకటి, పిన్‌పాయింటర్ ఒకటి చాలు. అంతకు మించి ఖర్చు అవసరం లేదు. మేం ఆరు కుటుంబాలం కాబట్టి, ఆడవాళ్ల సరుళ్లు, కమ్మలు ఎక్కువగా పోతున్నాయి కాబట్టి ఈక్వినాక్స్ 900 వైపు మొగ్గాం. గోల్డ్ మాన్‌స్టర్ వాడటం సులువు. ఏమీ నేర్చుకోకుండా ఆన్ చేసి వెతకాలంటే అదే మంచిది. కానీ దానికి కాయిల్ మాత్రమే తడవొచ్చు, పెట్టె తడవకూడదు. మాకు కార్తీకంలో వానలు, మడుల్లో నీళ్లు. నాట్లప్పుడు పోయినవి కూడా వెతకాలి. అందుకని కాస్త నేర్చుకునే ఓపిక ఉన్న ఇద్దరు కుర్రాళ్లకు అప్పగించి ఈక్వినాక్స్ తీసుకుంటున్నాం.

ఇప్పటికే నగ పోయి ఇది చదువుతున్నవాళ్లు ఉంటే, డిటెక్టర్ వచ్చేదాకా ఆ చేలో మడక పెట్టొద్దు, ట్రాక్టర్ దించొద్దు. ఒక్కసారి దున్నితే పైన ఉన్న నగ జానెడు లోపలికి పోవచ్చు, పడిన చోటి నుంచి పక్కకు జరిగిపోవచ్చు. చేను మొత్తం ఒకేసారి తిరగొద్దు. రెండు గెనిమల మధ్య తాళ్లు కట్టి బారెడు వెడల్పు సాళ్లుగా విడదీయండి. కాయిల్‌ను నేలకు రెండు వేళ్ల ఎత్తులో, మెల్లగా, ఒక ఊపు మీద ఇంకో ఊపు సగం పడేలా తిప్పండి. ముందు చెట్లు కుప్ప వేసిన చోటు, సద్ది తిన్న చెట్టు కింద, నీళ్లు తాగడానికి వంగిన కాలవ గట్టు వెతకండి. మా వదిన సరుడు అలాంటి చోటే దొరికింది.